ముందు లైను కొనుక్కోవాలా?

మొన్న మే నెలలో, సెమిస్టర్ పరీక్షల మధ్యలో, రాత్రి పదకొండున్నరకి డల్లాస్ నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు ఈ సెమ్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్ చదువుతున్నావుగా, ఒక డౌటు" అంది. మా ఇంట్లో నా చదువుకి ఇంత గౌరవం దొరకడం అదే మొదటిసారి కాబట్టి పుస్తకం మూసేసి శ్రద్ధగా విన్నాను.

విషయం ఇదీ. అమ్మానాన్న మొదటిసారి అమెరికా వెళ్ళారు. వాళ్ళని జూన్‌లో క్రూజ్‌కి తీసుకెళ్దామని అక్కా బావా అనుకున్నారు. గాల్వెస్టన్ రేవులో ఎక్కితే ఏడు రోజులు, మధ్యలో మెక్సికో, హోండురాస్, బెలీజ్. టికెట్లు బుక్ అయిపోయాయి. ఇప్పుడు కంపెనీ వాళ్ళు రోజుకో మెయిల్ పంపుతున్నారట, ఇంకాస్త కట్టండి, మిమ్మల్ని అన్నిటికన్నా ముందు ఎక్కిస్తాం, మీ పెట్టెలు ముందు తెస్తాం, చిన్న పడవల్లో ముందు దింపుతాం అని. రెండు క్యాబిన్లకీ కలిపి 220 డాలర్లు. అంటే మన డబ్బుల్లో దాదాపు 18 వేలు.

"కొనాలా వద్దా?"

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. వద్దన్నాను. వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది: "చూశావా, వాడూ అదే అంటున్నాడు. లైన్లో నిలబడటం మనకేమన్నా కొత్తా? తిరుమల కంపార్ట్‌మెంట్లలో పద్నాలుగు గంటలు కూర్చున్నవాళ్ళం." అమ్మ ఏమీ అనలేదు. ఆ సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.

ముందు ఈ ప్రయారిటీ అంటే ఏమి అమ్ముతారో చెప్తాను, ఎందుకంటే మనలో చాలామందికి క్రూజ్ అంటే పాపికొండల లాంచీ దగ్గరే ఆగిపోతుంది. విశాఖ నుంచి 2022లో కార్డేలియా ఓడ బయల్దేరినప్పుడు బీచ్‌లో నిలబడి ఫొటోలు తీసుకున్నవాళ్ళే ఎక్కువ, ఎక్కినవాళ్ళు తక్కువ. ఇప్పటి పెద్ద ఓడలంటే తేలే ఊళ్ళు. రాయల్ కరీబియన్ వాళ్ళ ఐకాన్ ఆఫ్ ది సీస్ 2024 జనవరిలో మొదలైంది, గదికి ఇద్దరి లెక్కన చూసినా 5,610 మంది పడతారు. అంతమంది ఒకే మధ్యాహ్నం ఎక్కాలి, వారం తర్వాత ఒకే ఉదయం దిగాలి. క్యూ ఎక్కడుంటే అక్కడ దాన్ని దాటించే టికెట్టూ పుడుతుంది. కార్నివాల్ వాళ్ళు 'ఫాస్టర్ టు ద ఫన్' అని అమ్ముతారు, అది గదికి ఒక ధర. రాయల్ కరీబియన్ వాళ్ళది 'ది కీ', అది మనిషికి రోజుకి ఇంత. ఓడని బట్టి, తేదీని బట్టి ధర మారుతుంది. మొదటిదాంట్లో ముందు ఎక్కడం, గది త్వరగా ఇవ్వడం, పెట్టెలు త్వరగా రావడం, చిన్న పడవల్లో ముందు చోటు. రెండోదాంట్లో వీటిలో కొన్నిటితో పాటు షోలలో మంచి సీట్లు, మొదటి రోజు ప్రత్యేకంగా భోజనం, ఒక ఫోన్‌కి ఇంటర్నెట్.

ఇందులో ఆ ఇంటర్నెట్ సంగతి ఒక్కటి గమనించండి. ఎలాగూ ఓడలో నెట్ కొనుక్కునేవాడికి 'కీ' ధరలోంచి నెట్ ధర తీసేస్తే మిగిలేదే అసలు ప్రయారిటీ ఖరీదు. కొన్నిసార్లు అది చాలా తక్కువుంటుంది. నెట్ అక్కర్లేనివాడికి మొత్తం ధర అంతా లైన్ దాటడానికే. ఈ తీసివేత చెయ్యకుండా లాభమా నష్టమా అని వాదించుకోవడం దండగ.

ఇప్పుడు నేను ఆ రాత్రి అక్కకి చెప్పిన లెక్క. కౌంటర్ ముందు పది మంది ఉన్నారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. చివరివాడు డబ్బు కట్టి మొదటికొచ్చాడు. వాడికి 27 నిమిషాలు కలిసొచ్చాయి. మిగిలిన తొమ్మిది మందికి తలా మూడు నిమిషాలు పోయాయి. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. కౌంటర్ ఒక్క సెకను కూడా వేగంగా పనిచెయ్యలేదు, లోకంలో ఒక్క నిమిషం కూడా కొత్తగా పుట్టలేదు. ఇది నా సొంత తెలివి కాదు. లియొనార్డ్ క్లైన్‌రాక్ అనే ఆయన 1965లో దీన్ని పెద్ద ఎత్తున నిరూపించాడు. జనం ఉన్నంతసేపూ కౌంటర్ ఖాళీగా ఉండకూడదు, ఎవరి పని ఎంతసేపు పడుతుందో చూసి ముందూ వెనకా చెయ్యకూడదు. ఈ షరతులుంటే, మీరు వరస ఎలా మార్చినా వెయిటింగ్ మొత్తం మారదు, చేతులు మారుతుందంతే. (ఈయన పేరు మనం కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో కూడా చదివాం. 1969 అక్టోబర్‌లో ఆర్పానెట్‌లో మొదటి మెసేజ్ వెళ్ళింది ఈయన ల్యాబ్ నుంచే.)

కాబట్టి ప్రయారిటీ అమ్మే కంపెనీ మనకి అమ్ముతున్నది తన సమయం కాదు. పక్కవాడి సమయం. ఆ డబ్బులో పక్కవాడికి రూపాయి కూడా రాదు.

దీనికి మా రూమ్మేట్ ఒక మంచి ఎదురు ప్రశ్న వేశాడు. "ప్రయారిటీ కొన్నవాళ్ళ డబ్బు వల్లే మిగతావాళ్ళకి టికెట్ చవగ్గా వస్తుందేమో, నువ్వెందుకు ఏడుస్తావ్?" కావచ్చు. ఓడ కంపెనీలు టికెట్ చవగ్గా పెట్టి, ఎక్కాక తాగుడికీ నెట్‌కీ టూర్లకీ విడివిడిగా లాగడం తెలిసిన సంగతే. కానీ నా భయం వేరే. ముందు లైను అమ్ముడుపోవాలంటే వెనక లైను కొంచెం బాధపెట్టాలి. రెండు నిమిషాల్లో పనైపోయే చోట ప్రయారిటీ ఎవడు కొంటాడు? అంటే క్యూ తగ్గించగలిగినవాడికే క్యూ ఉంటే లాభం. డిస్నీ పార్కుల్లో 1999 నుంచి ఫాస్ట్‌పాస్ అని ఉండేది, ఫ్రీ. ఫలానా టైమ్‌కి రండి అని చీటీ ఇచ్చేవాళ్ళు. 2021లో అది పోయి, డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. ఒకసారి ధర పెట్టాక మళ్ళీ ఫ్రీ అవుతుందని మీరు నమ్ముతారా? నేను నమ్మను.

అలాగని క్యూలన్నీ కుట్రలని అనను. ఓడల్లోనే దీనికి ఉల్టా ఉదాహరణ ఒకటుంది. ఓడ బయల్దేరే ముందు ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చూపించే డ్రిల్ తప్పనిసరి. ఒకప్పుడు అందరినీ ఒకేసారి డెక్ మీద ఎండలో నిలబెట్టేవాళ్ళు. కోవిడ్ తర్వాత చాలా కంపెనీలు దాన్ని మార్చేశాయి. ఫోన్‌లో వీడియో చూసి, వీలున్నప్పుడు మన చోటుకి వెళ్ళి కనబడి వస్తే చాలు. వేల మంది క్యూ ఒక్క దెబ్బకి మాయమైంది, ఎవరూ ఎవరికీ డాలర్ కట్టలేదు. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట.

సరే, అక్క కొనలేదు. ఏం జరిగిందో చెప్తాను.

మొదటి రోజు నా లెక్కే గెలిచింది. డల్లాస్ నుంచి గాల్వెస్టన్‌కి కారులో ఐదు గంటలు. ఓడ ఎక్కే టైమ్ స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో ఎంచుకున్నారు కాబట్టి లోపలికి వెళ్ళడానికి మొత్తం నలభై నిమిషాలు పట్టింది, అందులో సగం నడకే. ప్రయారిటీ లైన్లో ఉన్నవాళ్ళకి ఎంత పట్టిందో బావ కావాలనే గమనించాడట (ఆయన కూడా ఇంజనీరే, ఏం చేస్తాం), పావుగంట తేడా. ఆ లైన్లో డబ్బు కట్టినవాళ్ళే కాదు, చాలాసార్లు క్రూజ్‌కి వచ్చి మెంబర్‌షిప్ పెంచుకున్నవాళ్ళు కూడా ఉంటారు, అదీ పొడుగ్గానే ఉందన్నాడు. గది మధ్యాహ్నం ఒకటిన్నర తర్వాత ఇచ్చారు, అప్పటిదాకా పై డెక్ మీద తిన్నారు. నాన్న మామిడికాయ పచ్చడి సీసా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది కాబట్టి పెట్టెలు ఆలస్యమైనా ఆయనకి చీకూ చింతా లేదు. పెట్టెలు సాయంత్రానికి గది ముందుకొచ్చాయి. షోకి ఇరవై నిమిషాలు ముందు వెళ్తే మంచి సీట్లే దొరికాయి. చివరి రోజు ఎవరి పెట్టెలు వాళ్ళు మోసుకుని దిగేవాళ్ళని పొద్దున్నే ముందు దింపుతారు, దానికి పైసా అక్కర్లేదు. బావ మోశాడు.

ఇంతవరకూ నేను వాట్సాప్‌లో విజయగర్వంతో ఉన్నాను. "చెప్పానా?" అని ఒక మెసేజ్ కూడా పెట్టాను. ఆ మెసేజ్ ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

నాలుగో రోజు బెలీజ్. అక్కడ తీరం దగ్గర సముద్రం లోతు లేదు, పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తాయి. అక్కణ్ణుంచి చిన్న బోట్లలో ఒడ్డుకి తీసుకెళ్తారు, ఇరవై నిమిషాల ప్రయాణం. వీటిని టెండర్ బోట్లంటారు. ఓడలో ఉన్న ఇన్ని వేల మందీ ఆ చిన్న బోట్లలో దిగాలి, కాబట్టి క్యూ అంటే అసలైన క్యూ ఇక్కడే. ముందు ప్రయారిటీ కొన్నవాళ్ళు వెళ్తారు, ఓడ కంపెనీ దగ్గరే టూర్ కొన్నవాళ్ళూ వెళ్తారు, మిగిలినవాళ్ళు నంబర్ చీటీ తీసుకుని పిలుపు కోసం చూస్తారు. అక్క బయటి ఏజెంట్ దగ్గర చవగ్గా టూర్ బుక్ చేసింది. ఆల్తున్ హా అని, బెలీజ్ సిటీకి ఉత్తరంగా ఓ యాభై కిలోమీటర్ల దూరంలో మాయా నాగరికత నాటి శిథిలాలు.

ఆ టూర్ అమ్మ కోసం. మా అమ్మ సోషల్ టీచర్. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళలో చెప్పి రెండేళ్ళ క్రితం రిటైరైంది. పిరమిడ్లంటే ఈజిప్టే అనుకోకండి, అవతలి ఖండంలో మాయా వాళ్ళవీ ఉన్నాయని పిల్లలకి చాక్‌పీసుతో బొమ్మేసి చెప్పేది. మొత్తం క్రూజ్‌లో ఆమె అడిగింది ఇదొక్కటే.

అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నడుస్తుంది, కూర్చుంటుంది, వంట చేస్తుంది. నిలబడలేదు. పదిహేను నిమిషాలు ఒకే చోట నిలబడితే పట్టేస్తాయి. మాకందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి నా లెక్కలో ఎవరం వెయ్యలేదు.

నంబర్ పిలిచాక కింది డెక్‌కి వెళ్ళే మెట్ల మీద లైన్. బోట్లు ఆలస్యమయ్యాయి. గంట దాటింది. గోడకి ఆనుకుంది, మెట్టు మీద కూర్చుంది, వెనకవాళ్ళకి అడ్డమని లేచింది. పక్కనుంచి ప్రయారిటీ స్టిక్కర్లు అంటించుకున్న కుర్రాళ్ళ గుంపు ఒకటి జోకులేసుకుంటూ దిగిపోయింది. గంటం పావు అయ్యేసరికి అమ్మ "మీరు వెళ్ళి రండి, నాకు ఎండ పడదులే" అని వెనక్కి తిరిగింది. ఎండ ఎప్పుడు పడలేదు ఆమెకి? నాన్న కూడా ఆగిపోయాడు. అక్కావాళ్ళు పాపతో వెళ్ళి వీడియో కాల్‌లో ఆల్తున్ హా చూపించారు. సిగ్నల్ సరిగ్గా లేదు. అమ్మ డెక్ మీద కుర్చీలో కూర్చుని ఆగి ఆగి కదులుతున్న ఆ బొమ్మ చూసిన ఫొటో నాన్న తీశాడు, మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఉంది.

ఇప్పుడు నిజాయితీగా చెప్పాలి. ఆ 220 డాలర్లు కట్టుంటే అమ్మ ఆల్తున్ హా చూసేది. సందేహం లేదు. నా లెక్క తప్పు కాదు, కానీ సగమే. పది మంది నిమిషాలూ ఒకటే అనుకుంటేనే ఇరవై ఏడుకి ఇరవై ఏడు చెల్లు. అమ్మ నిలబడే నిమిషం బాధ మిగతావాళ్ళకి పది రెట్లు అనుకోండి. ఆమెని చివరినుంచి మొదటికి తెస్తే తగ్గే బాధ 270, మిగతా తొమ్మిది మందికి పెరిగేది 27. అదే క్యూ, అదే కౌంటర్, కానీ మొత్తం బాధ బోలెడంత తగ్గింది. మన సిలబస్‌లోనే ఉంది, వెయిటింగ్ ఖరీదు ఎవరికి ఎక్కువో, ఎవరి పని త్వరగా అవుతుందో వాళ్ళని ముందు పంపమని. సి-మ్యూ రూల్ అంటారు. దాన్ని నేను పరీక్షలో పది మార్కులకి రాశాను. ఇంట్లో వాడలేదు.

ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు ఇక్కడ పట్టుకుంటారు: అందుకే కదా ధర, అవసరం ఎక్కువున్నవాడే ఎక్కువ కడతాడు అని. మా నాన్నని చూడండి మరి. అవసరం అందరికన్నా ఎక్కువ, కట్టడానికి చెయ్యి రాలేదు. ఆ కుర్రాళ్ళకి అవసరమే లేదు, కట్టేశారు. ధరకి మోకాలు కనబడదు, పర్సే కనబడుతుంది. తిరుమలలో 300 రూపాయల టికెట్టూ ఉంది, పదివేల శ్రీవాణి విరాళమూ ఉంది. వాటితో పాటు 65 దాటిన పెద్దవాళ్ళకీ దివ్యాంగులకీ ఉచితంగా వేరే దర్శనమూ ఉంది. నాకు ఆ చివరిదొక్కటే అసలైన ప్రయారిటీ అనిపిస్తుంది. మొదటి రెండూ వడ్డించేవాడు మనవాడైతే చివరి బంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెతకి రసీదు ఇచ్చినట్టు.

అసలు కిటుకు ఏంటంటే, ఓడల్లో కూడా ఆ చివరి రకం ఉంది. నడవలేనివాళ్ళకి, నిలబడలేనివాళ్ళకి సాయం కావాలంటే ముందే చెప్పమని బుకింగ్‌లోనే అడుగుతారు. ఎక్కేటప్పుడు వీల్‌చైర్ సాయానికి డబ్బు తీసుకోరు. అక్క ఆ గడి దగ్గర ఆగి నాన్నని అడిగింది కూడా. "వీల్‌చైరా? మీ అమ్మకి ఏమైందని? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడట. గడి ఖాళీగా వదిలేశారు. బెలీజ్ రోజు సాయంత్రం అక్క కౌంటర్‌కి వెళ్ళి అడిగితే అక్కడి అమ్మాయి నొచ్చుకుందట. పొద్దున ఒక్క మాట చెప్పుంటే లాంజ్‌లో కూర్చోబెట్టి, బోటు వచ్చాక పిలిచేవాళ్ళం అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ కోసమే ఎవరూ అడగలేదు.

ఇదే నేను ఈ వ్యాసం రాయడానికి కారణం. ప్రయారిటీ కొనేవాళ్ళందరూ దర్జా కోసం కొనరు. మనలాంటి ఇళ్ళలో చాలామంది అడగడం నామోషీ కాబట్టి కొంటారు. కొంటే కస్టమర్, అడిగితే రోగి. మా నాన్నకి కొనడానికి డబ్బు అడ్డం, అడగడానికి పరువు అడ్డం. మధ్యలో నా లెక్క ఆయనకి భలే దొరికింది.

అందుకని ఎవరైనా నన్ను ఇప్పుడు అడిగితే నా మాట ఇలా ఉంటుంది. వయసులో ఉండి, కాళ్ళు బాగుండి, ఓడ ఆగే ఊళ్ళన్నిట్లోనూ నేరుగా రేవుకే ఆనుతుందంటే ఒక్క డాలర్ కూడా కట్టొద్దు. పావుగంటకీ, పెట్టె గంట ముందు రావడానికీ 18 వేలు దండగ, ఆ పావుగంట కూడా వెనకవాడి జేబులోంచి తీసిందే. టెండర్ ఊరు ఉండి, నిలబడలేని మనిషి తోడుంటే, ముందు సాయం అడగండి, బుకింగ్‌లో ఒకసారి, ఓడెక్కిన రోజు కౌంటర్‌లో ఇంకోసారి. వాళ్ళు కుదరదంటే అప్పుడు కొనండి, ఏ సిద్ధాంతమూ అడ్డం పెట్టుకోకుండా కొనండి. నేనైతే కొంటాను. సాయం అవసరం లేనివాళ్ళు మాత్రం ఆ గడిలో టిక్ పెట్టకండి. హైదరాబాద్ ఫ్లైట్ల దగ్గర వీల్‌చైర్ల వరస చూశారుగా, అందులో దిగాక పరిగెత్తేవాళ్ళు కొందరుంటారు. అదీ డబ్బు కట్టకుండా చేసే దాటుడే, ఇంకా నీచం, ఎందుకంటే నిజంగా కావాల్సినవాడికి కుర్చీ దొరకదు.

సెప్టెంబర్‌లో అమ్మానాన్న తిరిగొచ్చారు. శంషాబాద్‌లో నేను బయట నిలబడి ఉన్నాను. అమ్మ వీల్‌చైర్‌లో వచ్చింది, వెనక ఎయిర్‌పోర్ట్ అబ్బాయి తోస్తున్నాడు, పక్కన నాన్న ఆమె హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుని నడుస్తున్నాడు. ఎవరు బుక్ చేశారని అడిగితే అమ్మ కళ్ళతో ఆయన్ని చూపించింది. నాన్న మాత్రం నా వైపు చూడకుండా, "కారెక్కడ పెట్టావురా" అన్నాడు.